నూరుకు నూరు తెచ్చుకున్న పూలపాత్ర

పూలపాత్ర దినచర్య
ఆనందతీరం, మూడో టవరు, పద్నాలుగో అంతస్తు, ఆరో ఇల్లు
రాస్తున్నది: మంగతాయారు, లిఫ్టు మెకానిక్కు

మొదటి వారం, సోమవారం

నేను సంతోషంగా ఉన్నాను.

ఏ రోజు రాసినా ఈ వాక్యంతోనే మొదలుపెట్టాలని గృహానంద శాఖ వారి నిబంధన కాబట్టి మొదలుపెట్టాను. యంత్రాల చేత రాయిస్తే అవి అవసరానికి మించి సంతోషపడిపోతున్నాయని, ఇకమీదట ఇంటి ఇల్లాలే చేత్తో రాయాలని పోయిన నెలలో సవరణ తెచ్చారు. పొద్దస్తమానం లిఫ్టుల గ్రీజులో మునిగి తేలే చేతికి ఈ పని ఒకటి తక్కువైంది.

పొద్దున ఆరింటికి పూల పడవ వచ్చింది. ఇంటికి పన్నెండు పూలు. ఐదు చామంతులు, నాలుగు లిల్లీలు, మూడు గులాబీలు, అన్నిటికీ మూరెడేసి కాడలు. పాత్రలో మాత్రం బేసి సంఖ్యే ఉండాలట. మరి పన్నెండు ఇచ్చి పదకొండు పెట్టమనడం ఏమిటని అడిగితే, పన్నెండోది పౌరుల స్వేచ్ఛకి వదిలేశామన్నారు. మా ఇంట్లో ఆ స్వేచ్ఛ నా జడలోకి పోతుంది. మా అత్తగారు నూకరత్నం గారు ఏరి మరీ పెడతారు.

మా ఆయన సత్తిరాజు గారు కుర్చీలో కూచుని నిబంధనల పుస్తకం చదువుతుంటే, నేను నిలబడి పూలు అమర్చాను.

“ప్రధాన పుష్పం పాత్ర ఎత్తుకి ఒకటిన్నర రెట్లుండవలెను. ఉపపుష్పం అందులో ముప్పాతిక. ఏమే, ముప్పాతికంటే నీ మోచెయ్యంత ఉంటదేమో చూడు.”

“నా మోచెయ్యి సంగతి తర్వాతండి. ఆ కత్తెర ఇలా ఇవ్వండి.”

“ఆగవే, ఇంకా ఉంది. పుష్పముల మధ్య ఖాళీ ఆలోచనాత్మకముగా ఉండవలెను.”

ఖాళీ ఆలోచనాత్మకంగా ఎలా ఉంటుందో మా ఇద్దరికీ తోచలేదు. పాత్రకి తోస్తుంది. దాని మెడ మీద శనగగింజంత కన్ను ఉంది. ఎత్తులు, ఖాళీలు, రేకుల తాజాదనం అన్నీ ఆ కన్నే చూసుకుని, శుక్రవారం సాయంత్రం ఐదింటికి మార్కులు చెబుతుంది. సంతోషంగా ఉన్న ఇళ్లలో పూలు పొందికగా ఉంటాయని ఎప్పుడో ఏదో సర్వేలో తేలిందట. అప్పట్నుంచి మనుషుల్ని చూడడం మానేసి పూలనే చూస్తున్నారు. వాళ్లకి పని తేలికైంది.

మొదటి వారం, శుక్రవారం

నేను సంతోషంగా ఉన్నాను.

యాభై నాలుగు వచ్చాయి. “మూడవ చామంతి విచారముగా ఉన్నది,” అని పాత్ర తియ్యటి గొంతుతో చెప్పింది. ఆ చామంతికొచ్చిన విచారమేంటో మాకు అంతుపట్టలేదు. అరవై దాటాలి. వరసగా మూడు వారాలు దాటకపోతే కిటికీ పోతుంది.

మా అంతస్తులో పదకొండు ఇళ్లున్నాయి, కిటికీ ఒక్కటే. బయటి గోడకి పట్టాలు వేశారు. ఎక్కువ మార్కులొచ్చిన ఇంటి దగ్గరికి కిటికీ జరుగుతూ వచ్చి ఆగుతుంది. తక్కిన పది ఇళ్లకీ గోడ మీద సముద్రం బొమ్మ వేసి ఇచ్చారు. ఆ బొమ్మలో ఎప్పుడూ పొద్దున పది గంటలే. ఏడాది క్రితం వరకూ మాకూ అదే ఉండేది.

ఆ రోజుల్లో మా అత్తగారు మధ్యాహ్నం పూట దీపం పెట్టమనేవారు. కన్నకొడుకుని తన తండ్రి అనుకుని నాన్నా అనేవారు. నన్ను ఎవరమ్మా నువ్వు అనేవారు. ఈవిడ ఇక మనకి దక్కదనుకున్నాం. కిటికీ వచ్చిన రెండో వారంలో ఒక పొద్దున, కుర్చీలోంచి మెడ చాచి, “మంగా, చామంతి పడవ ఆలిస్యమయ్యిందేంటే?” అన్నారు. నేను చేతిలో గిన్నె కింద పెట్టి ఏడిచాను. ఆ కిటికీ మాకు వెలుతురు కోసం కాదు. ఆవిడ బుర్ర ఆ కిటికీకి వేలాడుతోంది.

రెండో వారం, శుక్రవారం

నేను సంతోషంగా ఉన్నాను. ఈ వారం ఈ వాక్యం రాయడానికి పళ్లు కొరుక్కోవలసి వచ్చింది.

పదకొండు మార్కులు. జరిగింది చెబుతాను. పూలు బల్ల మీద పెట్టి నీళ్లు పట్టుకొచ్చేలోపు మా అత్తగారు పన్నెండు పూలకీ కాడలు పుటుక్కున తుంచేశారు. ఆవిడ కడియపులంక పూల మార్కెట్టులో నలభై ఏళ్లు మాలలు కట్టిన మనిషి. ఆ మార్కెట్టు మీద ఇప్పుడు మూడు నిలువుల నీళ్లున్నాయి గాని, ఆవిడ వేళ్లకి ఆ సంగతి తెలీదు. కాడున్న పువ్వు కనిపిస్తే తుంచడమే. పాత చీర అంచులోంచి దారం లాగి, తడిపి, మాల కట్టి నా చేతిలో పెట్టి, “దేవుడికెయ్యి,” అన్నారు.

“అత్తయ్యా, అవి పాత్రలో పెట్టాలండి.”

“కాడలెట్టి నీళ్లలో నిలబెడతారేంటే? పువ్వేం నేరం చేసిందని?”

పాత్రలో ఉత్త కాడలు నిలబెట్టాను. మిగతా ముచ్చట మార్కుల్లో కనబడింది.

ఇవన్నీ ఇంత ధైర్యంగా ఎలా రాస్తున్నానంటే, శాఖవారు ఈ పుస్తకాలు చదవరు. పుటలు లెక్కపెట్టి ముద్ర వేస్తారు, అంతే. ఏడో ఇంటి బుల్లబ్బాయి గారి భార్య నెలరోజుల నుంచీ ఆయన మీద ఫిర్యాదులే రాస్తోంది. ఆవిడకి రెండుసార్లు ప్రశంసాపత్రం వచ్చింది.

మూడో వారం, శుక్రవారం

నేను సంతోషంగా ఉన్నాను అని రాయాలి. రాశాను.

ఇదే ఆఖరి వారం. సోమవారం పూలు రాగానే పాత్రలో అమర్చి, పాత్రని బీరువా మీదికెక్కించాను. ఆవిడకి అందదు కదా అని నా ధీమా. ప్రధాన పుష్పం, ఉపపుష్పం, ఆలోచనాత్మక ఖాళీ అన్నీ కుదిరాయి. మా ఆయన టేపు పట్టి రెండుసార్లు కొలిచారు. డెబ్బై వస్తాయని ఆయన, అరవై ఐదు చాలని నేను. నాలుగు రోజులు కళ్లలో వత్తులేసుకుని కాపలా కాశాం.

ఈరోజు రెండో టవరులో లిఫ్టు ఆగిపోయిందని నన్ను పిలిచారు. పని ముగించుకుని ఇల్లు చేరేసరికి ఐదు కావడానికి రెండు నిమిషాలే ఉన్నాయి. పాత్ర బల్ల మీదికి దిగి ఉంది. అందులో పదకొండు మొండి కాడలు. పాత్ర మెడకి మాల. పక్కన మా ఆయన నిలబడి నేల చూపులు చూస్తున్నారు.

“అమ్మ దింపమందే. బిందెకి గాని చెంబుకి గాని శుక్రవారం పూట మెడ బోసిగా ఉంచకూడదంది. దింపేసి నేను స్నానానికెళ్లాను.”

నాకు ఒళ్లు తెలియలేదు. ఆయన్ని వదిలేసి ఆవిడ మీద పడ్డాను. “ఒక్క నాలుగు రోజులు చేతులు ఊరుకోలేవా నీకు? కిటికీ పోతే మళ్లీ పిచ్చిదానివైపోతావు! పడిపోయినా బాగుండేవి ఆ చేతులు!”

ముప్పై ఏళ్ల కాపురంలో ఆవిణ్ణి నువ్వు అనడం ఇదే మొదలు. ఆవిడ కోపగించుకోలేదు. గుప్పిట విప్పారు. లోపల ఒక గులాబీ.

“పన్నెండోది నీ జడకుంచానే,” అన్నారు.

ఏం చెప్పను. నేల రెండుగా చీలి నన్ను మింగేస్తే బాగుండుననిపించింది. అదే క్షణంలో పాత్ర గొంతు సవరించుకుంది.

“నూరు మార్కులు. లోపములు ఏవియు కనబడలేదు. అభినందనలు.”

మా ఆయన నోరు వెళ్లబెట్టారు. నేను మాల కాస్త పైకెత్తి చూశాను. సరిగ్గా కన్ను మీద ఒక ముద్ద చామంతి కూచుని ఉంది. నాది యంత్రాలతో పని కాబట్టి సంగతి వెంటనే అర్థమైంది. ఈ పాత్ర మార్కులు వెయ్యదు. నూరుతో మొదలుపెట్టి, కనబడిన లోపానికల్లా కోసుకుంటూ పోతుంది. ఏమీ కనబడకపోతే కొయ్యడానికేమీ ఉండదు. మాల మళ్లీ జాగ్రత్తగా సర్ది, అత్తగారి కాళ్ల దగ్గర కూచున్నాను. ఆవిడ నా జడలో గులాబీ పెడుతూ, “తల నూనె చూసి ఎన్నాళ్లయ్యిందే?” అని తిట్టారు. నాలుగు తిట్లు ఎక్కువ తిట్టినా పడి ఉండేదాన్ని.

నాలుగో వారం, బుధవారం

నేను సంతోషంగా ఉన్నాను. నిజంగానే, కాకపోతే కొంచెం భయంగా కూడా ఉన్నాను.

నూరు మార్కులు టవర్లు కట్టిన నాటి నుంచీ ఎవరికీ రాలేదట. పరిశీలనకి శాఖ నుంచి ఇందుధర్ గారని ఒక అధికారి వచ్చారు. ఇస్త్రీ చొక్కా, జేబులో కొలబద్ద. పాత్ర చుట్టూ మూడుసార్లు తిరిగారు.

“ఇందులో పుష్పములు లేవు కదమ్మా. కాడలు మాత్రమే ఉన్నాయి.”

“ఆయ్, అవునండి.”

“ఇది నిబంధనల సంహితకు పూర్తిగా విరుద్ధం. కానీ యంత్రం నూరు అన్నది.”

“మీరు కళ్లారా చూస్తున్నారుగా బాబూ,” అన్నారు మా ఆయన. ఆయన నోటికి తాళం వేద్దామని చూశాను గాని అప్పటికే ఆలస్యమైంది.

ఇందుధర్ గారు కొలబద్ద జేబులో పెట్టుకుని, “నా కళ్లకు ధ్రువీకరణ పత్రం లేదండీ. దానికి ఉంది,” అన్నారు.

మాల ఎత్తి చూస్తారేమోనని నేను పాత్ర పక్కకి జరిగి నిలబడ్డాను. ఎత్తలేదు. నూరు మార్కుల వస్తువుని ముట్టుకునే హోదా ఆయనకి లేదట. ఈ విధానం ఎవరు కనిపెట్టారని అడిగారు. మా అత్తగార్ని చూపించాను. ఆయన చేతులు కట్టుకుని, “అమ్మా, ఈ అమరికలోని తాత్వికత వివరిస్తారా?” అన్నారు.

“ముందు నువ్వు కూచో బాబూ, నా ఎలుతురుకడ్డం నిలబడ్డావు,” అన్నారు ఆవిడ. ఆయన ఆ మాట కూడా రాసుకున్నారు.

ఐదో వారం, శుక్రవారం

నేను సంతోషంగా ఉన్నాను.

సోమవారం తాఖీదు వచ్చింది. “పాత్రకు మాల ధరింపజేయుట వలన గృహానందము నూటికి నూరు పాళ్లు వర్ధిల్లునని రుజువైనది. ఎల్లరూ ఆచరించవలెను. పరిశీలకుని వెలుతురునకు అడ్డుగా నిలబెట్టరాదు.”

ఆచరించవలెనంటే సరిపోయిందా? మాల కట్టడం ఎవరికొచ్చు? పడవ పూలు కాడలతో రావడం మొదలై ఇరవై ఏళ్లయింది. అంతస్తులో జనమంతా పూలు చేత పట్టుకుని మా గుమ్మంలో నిలబడ్డారు. అందరికన్నా ముందు బుల్లబ్బాయి గారు.

మా అత్తగారు కిటికీ పక్కన కుర్చీ వేయించుకుని ఒక్క పూటలో పదకొండు మాలలు కట్టారు. దారాలకి నా చీరల అంచులన్నీ హారతి కర్పూరమైపోయాయి. పోతే పోయాయి, ఆవిడ ముఖం చూడాలి ఆ రోజు. “ఇలా తే. ఆ గులాబీ నలిపేశావేంటయ్యా? చేతులా, రోకళ్లా?” అంటూ బుల్లబ్బాయి గారినే కసురుతుంటే, ఆయన ఎదురు మాట్లాడకుండా దారం తడిపి అందించారు.

సాయంత్రం ఐదింటికి పదకొండు ఇళ్లలోంచీ పదకొండు పాత్రలు ఒకేసారి నూరు మార్కులన్నాయి. అందరం కారిడార్లో చేరి పాయసం తిన్నాం. లిఫ్టు తాడు ఎక్కడ తెగుతుందో నేను ముందే చెప్పగలను. దీని తర్వాత ఏం జరుగుతుందో మాత్రం నాకు తోచలేదు.

ఆరో వారం, సోమవారం

నేను సంతోషంగా ఉన్నాను. ఈ వాక్యాన్ని కనిపెట్టినవాడు నా కంటబడితే బాగుండును.

పొద్దున నోటీసు అంటించారు. అన్ని ఇళ్లూ సమానంగా సంతోషంగా ఉన్నందున కిటికీ ఏ ఒక్కరి దగ్గరా ఉండటం న్యాయం కాదట. ఇకపై వారానికొక ఇంటికి తిరుగుతుంది. మొదట ఏడో ఇల్లు, తర్వాత ఎనిమిది, అలా వరసగా. మా వంతు చిట్టచివర, పది వారాలు పోయాక. కిటికీ ఉన్న ఇంటికి రోజూ పూలు, రోజూ పరీక్ష. అరవైకి తగ్గితే మర్నాటి సాయంత్రం దాకా గడువిచ్చి, అప్పటికీ సరిచేయకపోతే పక్కింటికి జరిపేస్తారు.

తొమ్మిదింటికి గోడ కిర్రుమంది. వెలుతురు గచ్చు మీద సన్నబడుతూ సన్నబడుతూ ఒక గీత అయి, అదీ పోయింది. దాని చోట్లోకి సముద్రం బొమ్మ వచ్చి కూచుంది. మా అత్తగారు చెయ్యి చాచి ఆ గోడని తడిమారు. ఊరందరికీ మాలలు కట్టిపెట్టి ఆవిడ కిటికీ ఆవిడే పోగొట్టుకున్నారు. ఆ సంగతి ఆవిడతో ఎలా చెప్పడం?

ఆరో వారం, గురువారం

నేను సంతోషంగా ఉన్నాను.

మంగళవారం బాగానే ఉన్నారు. నిన్న మధ్యాహ్నం దీపం పెట్టమన్నారు. ఈరోజు పొద్దున్నుంచీ బొమ్మ ముందు కూచుని, “ఈ పొద్దు కదలదేంటే అక్కా?” అంటున్నారు. అక్క ఎవరో నాకు తెలీదు. చచ్చిపోయిన వాళ్లక్కేమో. మా ఆయన వంటింట్లోకి వెళ్లి తలుపు వేసుకుని ఎంతకీ బయటికి రాలేదు. ఈ ఇంట్లో ఈ క్షణాన పాత్రకి నూరు మార్కులున్నాయి.

నాలుగింటికి తలుపు దబదబా మోగింది. బుల్లబ్బాయి గారు. చేతిలో పళ్లెం నిండా చామంతులు, ముఖంలో నెత్తురు చుక్క లేదు.

“అమ్మా మంగతాయారూ, కొంప మునిగిందమ్మా! సోమవారం కొత్త పూలొచ్చాయి కదా, మాల నేనే కట్టాను, బూటు లేసుతో. నిన్న సరిగ్గా పరీక్ష వేళకి జారి నీళ్లలో పడింది. తొమ్మిది మార్కులు! ఈవేళ ఐదింటికల్లా సరిచెయ్యకపోతే కిటికీ ఎనిమిదో ఇంటికెళ్లిపోద్ది. అత్తగారి చేత ఒక్క మాల కట్టించమ్మా, నీ కడుపు చల్లగా.”

పళ్లెం తీసుకుని ఆవిడ ఒళ్లో పెట్టాను. ఆవిడ ఒక చామంతి చేతిలోకి తీసుకున్నారు. అటూ ఇటూ తిప్పారు. తుంచలేదు. వేళ్లు అలాగే ఆగిపోయాయి.

“తెల్లారిందా అక్కా?” అన్నారు.

మూడు వారాల క్రితం నేను పడిపోతే బాగుండునన్న చేతులవి. నేను ఇంకేం ఆలోచించలేదు. “ఏవండీ, ఆ వైపు పట్టుకోండి,” అన్నాను. మా ఆయన ఒక పక్క, నేను ఒక పక్క, ఆవిడ కూచున్న కుర్చీని ఉన్నపళంగా ఎత్తి, కారిడార్లోంచి ఏడో ఇంట్లోకి మోసుకుపోయి కిటికీ ముందు దించాం. పళ్లెం పట్టుకుని బుల్లబ్బాయి గారు వెనకే పరిగెత్తారు.

ఎండ ఆవిడ ఒళ్లో పూల మీద పడింది. ఆవిడ కళ్లు చికిలించి బయటికి చూశారు. నీళ్లు చూశారు. దూరంగా ఖాళీ పడవ తిరిగి పోతోంది. ఎంతసేపు చూశారో నాకు తెలీదు. పుటుక్కుమని ఒక కాడ విరిగింది. ఇంత తియ్యటి చప్పుడు నా జన్మలో వినలేదు.

“మంగా,” అన్నారు ఆవిడ తల తిప్పకుండా. “దారం తడిపావా? నీకన్నీ చెప్పాలి.”

తడిపాను. మా ఆయన గోడకేసి తిరిగి కళ్లు తుడుచుకున్నారు. ఐదు కావడానికి ఐదు నిమిషాలుండగా మాల పాత్ర మెడలో పడింది. నూరు మార్కులు.

“దండాలమ్మా, బతికించారు. ఇక అత్తగార్ని తీసుకెళ్లొచ్చు,” అన్నారు బుల్లబ్బాయి గారు.

“తీసుకెళ్లడమేంటండి? మాల రేపటికి వాడిపోద్ది. మరి రేపు పరీక్షకేం కడతారు, రెండో బూటు లేసా? కిటికీ ఎక్కడుంటే మా అత్తయ్య కుర్చీ అక్కడుంటది. పొద్దున తెస్తాం, పొద్దుగూకాక తీసుకెళ్తాం. ఇష్టం లేదంటే చెప్పండి, ఇప్పుడే ఎనిమిదో ఇంటివారిని అడుగుతాను.”

వాళ్లావిడ లోపల్నుంచి టీ పట్టుకొచ్చింది.

తొమ్మిదో వారం, శుక్రవారం

కుర్చీ ఈ వారం పదో ఇంట్లో ఉంది. సోమవారం సోమవారం కిటికీ ఒక ఇల్లు జరుగుతుంది, వెనకే మా కుర్చీ జరుగుతుంది. ఇప్పుడు మోయడానికి మేమే అక్కర్లేదు, పూల పడవ రావడం ఆలస్యం, నలుగురు వచ్చి వాలుతున్నారు. తలుపులు వేసుకునే అలవాటు అంతస్తులో పోయింది. బుల్లబ్బాయి గారు ఏడో ఇల్లు వదిలి రోజూ ఇక్కడికే వచ్చి దారం తడుపుతారు. ఆయన మీద ఫిర్యాదు ఏమీ లేకుండా నాలుగు పుటలు రాశానని వాళ్లావిడ నాతో చెప్పి నవ్వింది. ఇందుధర్ గారు కూడా వచ్చారు, పరిశీలనకని. రెండు గంటలు కూచుని మూడు ముళ్లు నేర్చుకుని, రిపోర్టులో ఏం రాయాలో తెలీక వెళ్లిపోయారు.

నేనూ నేర్చుకుంటున్నాను. నాకు ముడి బిగియదు. “లిఫ్టు తాళ్లు బిగిస్తావు, పువ్వు బిగించలేవేంటే?” అని ఆవిడ నా చేతి మీద ఒక్కటేస్తారు. ఆవిడ వేళ్లంత చురుగ్గా నావి ఎప్పటికీ కదలవేమో. కదలకపోయినా పర్వాలేదు, ఆవిడ పక్కన కూచోవడం నాకు బాగుంది. ముప్పై ఏళ్లు ఒకే ఇంట్లో ఉండి ఇలా ఎప్పుడూ కూచోలేదు.

ఈ సందట్లో మా ఇంటి పాత్ర సంగతే మరిచిపోయాం. పోయిన సోమవారం వేసిన మాల వాడి రాలిపోయి కన్ను బయటపడిందట. ఐదింటికి అది ముప్పై ఆరు మార్కులు వేసి, ఈ కుటుంబము తీవ్ర విచారములో ఉన్నదని గట్టిగా ప్రకటించిందట. కారిడార్లో వెళ్తున్నవాళ్లు వచ్చి చెప్పారు. వినడానికి మా ఇంట్లో ఎవరూ లేరు.

అయ్యో, పైన మొదటి వాక్యం రాయనే లేదు. పేజీ మొదట్లో కాస్త చోటుంది, ఇరికిద్దామంటే అత్తగారు పిలుస్తున్నారు. పన్నెండో పువ్వు ఆవిడ చేతిలో ఉంది, నా జడ అందడం లేదట.